పక్షవాతం : ఏట్లో వేసినా ఎంచి వేయాలి

"ఏట్లో వేసినా ఎంచి వేయాలి" అన్నది మన పెద్దల సామెత. పారవేసే వస్తువుకు సైతం లెక్క ఉండవలెనని దీని భావం. అటువంటప్పుడు పారవేయలేని వాటికి, అనగా మనిషి ఆయుష్షుకు, కాలూ చేయీ ఆడే శక్తికి, నోటి మాటకు ఎంత లెక్క ఉండవలెను? ఈ ప్రశ్న నాకు నలభై ఏళ్ళు తోచలేదు. తోచిన తరువాత నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ సంగతి పాఠకులతో పంచుకొనడానికే ఈ వ్యాసం.

నేను పదమూడవ ఏట గురువుగారి ఇంట చేరినవాడిని. పగలు కల్వంలో మందులు నూరుతూ, రాత్రి దీపం వద్ద అష్టాంగహృదయం వల్లె వేస్తూ వైద్యం నేర్చుకున్నాను. రోగి నాడి చూడుము, నాలుక చూడుము, కంటి కాంతి చూడుము అని మా గురువుగారు నేర్పారు. ప్రతి రోగి వివరాలనూ పుస్తకంలో వ్రాసి ఉంచుకొనుట కూడా ఆయన నేర్పిన అలవాటే. ఆ పుస్తకాలు నా గదిలో రెండు అలమరల నిండా ఉన్నవి.

మా తమ్ముని కథ

1998 మాఘమాసంలో ఒక ఉదయం మా తమ్ముడు నా వద్దకు వచ్చాడు. వయస్సు ముప్ఫై ఎనిమిది, ఉద్యోగం బడిపంతులు. "అన్నయ్యా, కాఫీ త్రాగుతుండగా గ్లాసు చేతిలోనుంచి జారిపోయింది. పది నిముషాలు నాలుక మొద్దుబారి మాట తిరగలేదు. ఇప్పుడు బాగానే ఉన్నది" అన్నాడు. నేను నాడి చూశాను. వాతం ప్రకోపించినది, తైలం మర్దించుకొని విశ్రాంతి తీసుకొమ్మని చెప్పి పంపాను. మూడవ రోజు తెల్లవారుజామున పెరటిలో పడిపోయాడు. కుడిచేయి, కుడికాలు పడిపోయినవి.

పది నిముషాలలో పోయిన ఆ మొద్దుబారుతనం మెదడు ఇచ్చిన హెచ్చరిక. అటువంటి హెచ్చరిక వచ్చినవారికి ఆలస్యం లేకుండా చికిత్స మొదలుపెడితే తొలి దినాలలో వచ్చే అసలు పక్షవాతం ముప్పు 80 శాతం తగ్గినట్లు 2007లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు నిరూపించారు. 1998లో ఆ అధ్యయనం లేదు, నిజమే. కాని రక్తపోటు కొలిచే పరికరం నా బీరువాలోనే ఉన్నది. నాడి చూడగలవానికి ఆ రబ్బరు పట్టీ ఎందుకన్న అహంకారంతో దానిని బయటకు తీయలేదు. ఆ తప్పు నాది, శాస్త్రానిది కాదు.

మా తమ్ముడు తొమ్మిదేళ్ళు బ్రతికాడు. కర్ర ఊతతో నడిచాడు, ఎడమచేత్తో అక్షరాలు దిద్దుకున్నాడు. 2007లో ఊపిరితిత్తులకు నెమ్ము చేరి కాలం చేశాడు. మరణపత్రంలో వ్రాసినది "గుండె ఆగుట వలన" అన్న మాట మాత్రమే. గుండె ఆగకుండా మరణించినవారు ఎవరున్నారు?

లవం ఉన్నది, హారం లేదు

మా తమ్ముని కుమార్తెకు ఆనాడు ఎనిమిదేళ్ళు. ఇప్పుడామె సామాజిక వైద్యశాస్త్రంలో ఉన్నత విద్య చదివిన డాక్టరు. రెండేళ్ళ క్రిందట సెలవులకు వచ్చి నా పుస్తకాలు ముందు వేసుకొని కూర్చున్నది. పక్షవాతం అని వ్రాసి ఉన్న ప్రతి పుటకూ ఒక కాగితపు ముక్క గుర్తు పెట్టింది. వచ్చినవారిలో మొదటి రోజునే వచ్చినవారు వేళ్ళ మీద లెక్కింపదగినంతమంది. మిగిలినవారంతా వారానికో, నెలకో, ఆసుపత్రిలో చేరి వచ్చిన తరువాతనో వచ్చినవారే.

"చూశావా తల్లీ, ఇంతమందిని చూశాను. నా వద్ద నయమైనవారే ఎక్కువ" అన్నాను కొంత గర్వంగా.

"పెదనాన్నా, మీ పుస్తకంలో లవం ఉన్నది, హారం లేదు" అన్నది ఆమె. "మొదటి వారంలోనే చనిపోయినవారు మీ గుమ్మం ఎక్కలేదు. పట్నం వెళ్ళి కోలుకున్నవారూ ఎక్కలేదు. మంచం పట్టి కదలలేనివారూ రాలేదు. నడిచి రాగలిగినవారే వచ్చారు. వారికి నయమైనదంటే దానిలో మందు పాలెంత, వడపోత పాలెంత?"

నా వద్ద సమాధానం లేదు. సుశ్రుతుడు కేవల వాతజమైన పక్షాఘాతం అతికష్టసాధ్యమనీ, ఇతర దోషాలు కలిసినది సాధ్యమనీ, ధాతుక్షయం వలన వచ్చినది అసాధ్యమనీ మూడు విధాలుగా విభజించాడు. అసాధ్యులు నా వద్దకు రాకపోతే నా లెక్క అంతా సాధ్యుల లెక్కే కదా!

చెరువు లెక్క

ఒక దేశంలో పక్షవాతం భారం ఎంతో తెలుసుకొనడానికి గణిత నమూనా ఎట్లా కట్టుదురో ఆమె నాకు చెరువు పోలికతో వివరించింది. కాలువ ద్వారా చెరువులోకి వచ్చే నీరు ఏటా కొత్తగా పక్షవాతం వచ్చినవారు. చెరువులో నిలిచి ఉన్న నీరు ఆ రోగంతో జీవిస్తున్నవారు. తూము ద్వారా బయటకు పోయే నీరు మరణించినవారు. ఈ మూడూ ఒకదానికొకటి పొసగవలెను. వచ్చే నీరు, పోయే నీరు తెలిస్తే నిలువ నీరు ఎంత ఉండవలెనో లెక్క కట్టవచ్చును. మూడు చోట్ల మూడు విధాల కొలిచిన అంకెలు పొసగకపోతే ఎక్కడో కొలత తప్పినదని తెలుస్తుంది.

కొలతలు ఎక్కడినుండి వస్తాయి? కొన్ని పట్టణాలలో, జిల్లాలలో పక్షవాతం వచ్చిన ప్రతి ఒక్కరినీ నమోదు చేసే పట్టికలున్నవి. తిరువనంతపురంలో 2005లో పట్టణ, గ్రామీణ ప్రాంతాలు రెండింటిలోనూ అట్లా లెక్కించారు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో కటక్, కాచార్, కోటా, తిరునెల్వేలి, వారణాసి ప్రాంతాలలో ఇటువంటి నమోదు జరిగినది.

మన ఉభయ గోదావరి జిల్లాలకూ ఈ చరిత్రలో స్థానమున్నది. 2003 అక్టోబరు నుండి ఏడాదిపాటు 45 గ్రామాలలో, సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో సంభవించిన ప్రతి మరణాన్నీ నమోదు చేశారు. మొత్తం 1,354 మరణాలు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, ఏమి జరిగినది, ఎట్లా పడిపోయారు, మూతి వంకర పోయిందా, మాట పడిపోయిందా అని బంధువులను అడిగి వ్రాసుకున్నారు. వైద్యులు ఆ వాఙ్మూలాలు చదివి కారణం నిర్ణయించారు. మూడింట ఒక వంతుకు దగ్గరగా, అనగా 32 శాతం, రక్తప్రసరణ వ్యవస్థకు చెందిన రోగాలే. వాటిలో గుండెపోటు, పక్షవాతం ఇంచుమించు సమానం. పల్లెల్లో జ్వరాలూ అతిసారాలే ప్రాణాలు తీస్తాయన్న మన నమ్మకం ఆ కాగితాలతో కూలిపోయింది.

నమోదు లేనిచోట నమూనా ఏమి చేస్తుంది? పొరుగు ప్రాంతాల కొలతలను, అక్కడి జనం వయస్సును, రక్తపోటును, పొగాకు వాడకాన్ని ఆధారం చేసుకొని అంచనా కడుతుంది. కావున ప్రతి అంకెకూ ఈ హద్దునుండి ఆ హద్దు వరకు అని ఒక వ్యాప్తి చెబుతారు. 2021 సంవత్సరానికి ప్రపంచంలో కొత్తగా పక్షవాతం వచ్చినవారు 1 కోటి 19 లక్షలని అంచనా. హద్దులు 1 కోటి 7 లక్షల నుండి 1 కోటి 32 లక్షల వరకు. మరణాలు సుమారు 73 లక్షలు. ఆ రోగంతో జీవిస్తున్నవారు 9 కోట్ల 38 లక్షలు. హద్దు చెప్పని అంకెను నమ్మరాదని మా అమ్మాయి చెప్పింది. నాడి పట్టి ఖచ్చితంగా ఇన్ని రోజులే బ్రతుకుతాడని చెప్పే వైద్యుని నమ్మరాదని మా గురువుగారూ అనేవారు.

ఏడున్నర నెలలా?

మరణాలను లెక్కిస్తే చాలదు. బ్రతికి మంచాన పడినవారి కష్టం ఏ లెక్కలోకి వస్తుంది? అందుకని 1990 దశకం ఆరంభంలో ప్రపంచ బ్యాంకు పూనికతో క్రిస్టఫర్ మర్రే, అలన్ లోపెజ్ అను పండితులు ఒక కొత్త కొలమానం తయారుచేశారు. అకాలమరణం వలన పోయిన సంవత్సరాలకు, వైకల్యంతో గడిపిన సంవత్సరాలలో పోయిన భాగాన్ని కలుపుతారు. దీనిని 'డాలీ' అంటారు. 2021లో పక్షవాతం వలన ప్రపంచం పోగొట్టుకున్నది సుమారు 16 కోట్ల డాలీలు.

వైకల్యానికి సున్న నుండి ఒకటి వరకు బరువు కట్టుతారు. పక్షవాతం తరువాత తేలికపాటి వైకల్యానికి 0.019, నడవడానికీ చేతితో వస్తువులు పట్టడానికీ కొంత ఇబ్బంది ఉంటే 0.070, మంచానికి పరిమితమై అన్నిటికీ మరొకరిపై ఆధారపడితే 0.552.

నేను మనస్సులో మా తమ్ముని లెక్క వేశాను. తొమ్మిది సంవత్సరాలను 0.070తో గుణిస్తే 0.63 సంవత్సరం. అనగా ఏడున్నర నెలలు! నల్లబల్ల మీద ముత్యాలవంటి అక్షరాలు వ్రాసే చేయి తొమ్మిదేళ్ళు ఒడిలో పడి ఉంటే దాని ఖరీదు ఏడున్నర నెలలా? నాకు కోపం వచ్చింది. ఆమె ముందే గట్టిగా అన్నాను.

ఆమె చాలాసేపు మాటాడలేదు. తరువాత ఇట్లా అన్నది: "ఈ అంకె నాన్న కోసం కట్టినది కాదు పెదనాన్నా. నాన్న బాధను కొలిచే తూకం ఎక్కడా లేదు. ఒక రోగాన్ని మరొక రోగంతో పోల్చి డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చడానికి మాత్రమే ఇది. కాని ఇంకొక సంగతి చూడండి. నాన్న నలభై ఏడేళ్ళకే పోయారు. ఆ ఖాతాలో ఇంకా నలభై ఏళ్ళదాకా ఉన్నవి. మరణపత్రంలో గుండె ఆగినదని వ్రాశారు కనుక ఆ నలభై ఏళ్ళూ పక్షవాతం లెక్కలో చేరలేదు. మన ప్రభుత్వం దృష్టిలో నాన్నకు పక్షవాతమే రాలేదు."

ఈ మాట నన్ను అన్నిటికంటె ఎక్కువగా కలచివేసింది. మన దేశంలో నమోదైన మరణాలలో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతుకు కూడా చేరడంలేదు. ధ్రువీకరించినప్పుడు సైతం మూలకారణం వ్రాయకపోతే ఆ పత్రం నిరుపయోగం. 2023 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన చట్ట సవరణ ప్రకారం ఆసుపత్రులు మరణకారణ ధ్రువపత్రం ఇవ్వవలెను, దాని ప్రతి సమీప బంధువుకు అందవలెను. దుఃఖసమయమే అయినా ఇంటి పెద్దలు ఆ కాగితం ఒకసారి చదివి, ముందున్న పక్షవాతం, రక్తపోటు, మధుమేహం వంటివి వైద్యునికి గుర్తుచేయవలెను. అది పోయినవారు ఉన్నవారికి చేయగల చివరి ఉపకారం.

ఒక మండలం, ఒక సంవత్సరం

ప్రణాళికకు ఈ లెక్కలు ఎట్లా పనికివస్తాయో ఒక ఉదాహరణ చూద్దాం. 60 వేల జనాభా గల మండలం అనుకొనండి. ఏటా లక్షకు 120 మందికి కొత్తగా పక్షవాతం వస్తుందనుకుంటే ఈ మండలంలో సంవత్సరానికి 72 మంది, అనగా నెలకు ఆరుగురు. వీరిలో నాలుగో వంతు మొదటి నెలలోనే మరణిస్తారనుకుంటే 54 మంది మిగులుతారు. ఒక్కొక్కరికి మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు వ్యాయామ చికిత్స ఇవ్వవలెనంటే, ఏ సమయంలోనైనా సుమారు 14 మంది ఆ దశలో ఉంటారు. వారానికి 28 దర్శనాలు. ఒక ఫిజియోథెరపిస్టు రోజుకు ఐదిళ్ళు తిరిగితే సరిపోవును. మండలానికి ఒక్కరు! ఊహ అంకెలే అయినా, లెక్క వేయకముందు ఇది అసాధ్యమనిపించినది. వేసిన తరువాత ఒక ఉద్యోగం మంజూరు చేసే పనిగా తేలినది.

మరి నివారణ సంగతి? ఆ 72 మందిలో 48 మంది రక్తపోటు ఉన్నవారనుకుందాం. పై రక్తపోటును 10 పాయింట్లు తగ్గిస్తే పక్షవాతం 27 శాతం తగ్గుతుందని అనేక పరిశోధనలను కలిపి 2016లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అనగా మందులు సక్రమంగా వాడిస్తే ఏటా 13 మందికి రోగమే రాదు. ఇక గడ్డను కరిగించే సూదిమందు సంగతి. అది మూడు గంటలలోపు ఇచ్చిన ప్రతి పదిమందిలో ఒకరిని అదనంగా మామూలు మనిషిని చేస్తుంది. మా పల్లెలనుండి ఏటా పదిమంది సకాలంలో చేరగలిగితే దక్కేది ఒక్కరు.

పదముగ్గురా, ఒక్కరా? ఇటువంటి తరాజు పట్టి చూపించడమే గణిత నమూనా చేసే పని. అట్లని ఆ ఒక్కరిని వదలివేయమని అర్థం కాదు. ఆ ఒక్కరు ఒక ఇంటికి యజమాని, ఒక బిడ్డకు తండ్రి. కాని నిధులు ముందు ఎక్కడ పెట్టవలెనో, ఏది లేకుండా ఏది వ్యర్థమో తెలుస్తుంది. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ తొలి ఐదు రాష్ట్రాలలో ఒకటిగా చేరినది. దాని వెనుక ఉన్నది ఇటువంటి లెక్కే.

ఇదంతా విన్న తరువాత నాకు చరకసంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయం జ్ఞాపకం వచ్చింది. కాంపిల్య నగరంలో గంగాతీరాన పునర్వసు ఆత్రేయుడు శిష్యులతో సంచరించుచుండగా అగ్నివేశుడు ఒక సందేహం అడుగుతాడు. ప్రకృతి, ఆహారం, బలం, వయస్సు వేరువేరుగా ఉన్న జనం ఒకే సమయాన ఒకే వ్యాధితో ఎట్లా నశిస్తారని. వాయువు, జలం, దేశం, కాలం ఈ నాలుగూ అందరికీ సమానం గనుక అవి చెడితే అందరూ చెడుతారని గురువు చెబుతాడు. ఈ అధ్యాయం నేను బాల్యంలోనే కంఠస్థం చేశాను. అర్థం మాత్రం అరవై దాటిన తరువాత మా తమ్ముని కూతురు చెప్పింది. మన కాలంలో ఊరందరికీ సమానమైనవి ఉప్పు, పొగ, కదలని కాళ్ళు, కొలవని రక్తపోటు.

ఇంట్లో వేసుకొనదగిన లెక్క

గృహిణులు ఈ క్రింది విషయాలు గమనింపవలెను.

1. ఉప్పు పొట్లం మీద తెరిచిన తేదీ వ్రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు మనిషికి రోజుకు 5 గ్రాములకు లోపు. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు కనీసం యాభై రోజులు రావలెను. ఇరవై, ఇరవై ఐదు రోజులకే అయిపోతే రెట్టింపు తింటున్నారన్నమాట. ఊరగాయలు, అప్పడాలు, బజారు తినుబండారాలలోని ఉప్పు దీనికి అదనం. పిప్పలి, క్షారం, లవణం ఈ మూడూ అతిగా వాడరాదని చరకుడు హెచ్చరించాడు. సైంధవ లవణం కూడా ఉప్పే, దానికి మినహాయింపు లేదు.

2. చైనాలో 600 గ్రామాలలో సుమారు 21 వేల మందిపై జరిగిన పరీక్షలో, ఉప్పులో నాలుగో వంతు పొటాషియం లవణం కలిపి వాడినవారికి పక్షవాతం 14 శాతం తగ్గినట్లు 2021లో తేలినది. కాని మూత్రపిండ రోగులు, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా అటువంటి ఉప్పు వాడరాదు.

3. ముప్ఫై దాటిన ప్రతివారూ ఏడాదికొకసారైనా రక్తపోటు కొలిపించుకొనవలెను. తలనొప్పి లేదు గనుక రక్తపోటు లేదనుకొనుట పొరపాటు. బాగానే ఉన్నదని మాత్రలు ఆపుట అంతకంటె పెద్ద పొరపాటు. కషాయాలు వాడుకొనదలచినవారు మాత్రలు ఆపకుండా, ఇరువురు వైద్యులకూ చెప్పి వాడుకొనవలెను.

4. మూతి ఒకవైపు వాలినా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి క్రిందికి జారినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోను చేయవలెను. లక్షణం మొదలైన సమయం కాగితం మీద వ్రాసుకొనవలెను. కొద్ది నిముషాలలో తగ్గిపోయినా ఆగరాదు. గడ్డ కరిగించే మందుకు సాధారణంగా గడువు నాలుగున్నర గంటలు. ముందు సి.టి. స్కాన్ తీసి గడ్డ అడ్డుపడినదా, నాళం చిట్లినదా తేల్చవలెను. నాడి చూసి దీనిని తేల్చగల వైద్యుడు లేడు, నాతో సహా.

5. ఆ సమయంలో నోట్లో నీళ్ళు, పసరు, కషాయం, మాత్ర ఏదీ పోయరాదు, వేయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోవును. పావురం రక్తం పూయుట వంటి పనులతో కాలహరణం చేయరాదు.

6. గండం గడిచిన తరువాత వ్యాయామ చికిత్స ప్రధానం. వైద్యుని సలహాపై గోరువెచ్చని క్షీరబలా తైలంతో మృదువుగా మర్దన చేస్తే బిగుతు, నొప్పి కొంత ఉపశమించును. కదలలేనివారిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పుతూ ఉండవలెను. లేనిచో పడక పుండ్లు పడును.

నా గదిలో ఇప్పుడు రక్తపోటు పరికరం బల్ల మీదనే ఉన్నది. జలుబుకు వచ్చినవారికీ ముందు అదే కడుతున్నాను. పుస్తకంలో మూడు కొత్త గడులు గీశాను. ఏ ఊరు, లక్షణం మొదలైనది ఎన్ని గంటలకు, ఇక్కడికి వచ్చినది ఎన్ని గంటలకు. ప్రతి నెలా మా అమ్మాయికి ఆ పుటల నకలు పంపుతున్నాను. హారం ఇంకా పూర్తి కాలేదు. ఊళ్ళో ఆశా కార్యకర్తతో కలిసి ఇల్లిల్లూ తిరిగి దానిని వ్రాసుకుంటున్నాము. మొదటి ఇల్లుగా మా తమ్ముని ఇంటినే వ్రాశాను. కారణం గడిలో పక్షవాతం అని స్పష్టంగా వ్రాశాను.